చెంబు నీళ్లకు కదలని కమోడ్

2024 ఫిబ్రవరి 3, శనివారం. డాక్టర్ గారు మా బాపు ఎక్స్‌రే లైటుకు పెట్టి చూసి, కుడి మోకాలు మార్చాల్సిందే, 13న పెట్టుకుందాం అన్నారు. ఖర్చు, ఇన్సూరెన్స్, ఎన్ని రోజులు ఉండాలి, అన్నీ మాట్లాడుకున్నాం. లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి "ఇంట్లో టాయిలెట్ వెస్టర్నేనా?" అని అడిగారు. కాదు. హన్మకొండలో మాది 1991లో కట్టిన ఇల్లు, పెరటి వైపు ఒకటే దొడ్డి, అందులో ఇండియన్ సీటు. "కింద కూర్చునుడు ఇక బంద్. డిశ్చార్జ్ అయ్యేలోపు కమోడ్ పెట్టించండి" అన్నారు. ఆపరేషన్‌కు పది రోజులుంది, ఒక కమోడ్ పెట్టించడం ఎంతసేపు అనుకున్నాను. మార్చి 1 దాకా పట్టింది, దానికైన డబ్బులతో రెండు కమోడ్లు కొనొచ్చు. నిజానికి రెండు కొన్నాను కూడా.

6వ తారీఖు మంగళవారం చౌరస్తా దగ్గర ఒక శానిటరీ షాపుకు పోయాను. గోడ పొడవునా కమోడ్లు వరసగా పెట్టి ఉన్నాయి, అన్నీ తెల్లగా ఒకేలా ఉంటాయి, ధరలు మాత్రం మూడు వేల నుంచి నలభై వేల దాకా. నేను కంగారు పడలేదు. ఎందుకంటే నాకు ఈ సబ్జెక్టు తెలుసని నాకో గట్టి నమ్మకం. ఇంగ్లండులో ఎమ్మెస్, ఆ తర్వాత తొమ్మిదేళ్లు డాలస్‌లో ఉండి, ఏడాదిన్నర కింద తిరిగొచ్చాను. షాపాయన ఒకదాని మీద చెయ్యేసి "ఇది సైఫోనిక్ సార్, ఫారిన్ మాడల్, సౌండ్ రాదు, మరకలు పట్టయ్" అన్నాడు. మూత ఎత్తి చూస్తే అచ్చం డాలస్‌లో మా అపార్ట్‌మెంట్‌లో ఉన్నదే. వెడల్పు గిన్నె, దాని వెనక పాములా మెలికలు తిరిగిన దారి. పదిహేడు వేల ఎనిమిది వందలు. పక్కనే మామూలుది ఏడు వేల నాలుగు వందలకు ఉంది, దాని వైపు సరిగా చూడను కూడా లేదు. బాపుకు జీవితంలో మొదటిసారి కమోడ్ కొంటున్నాను, మంచిదే కొనాలని ఒక పొగరు.

షాపాయన నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, గోడ నుంచి పైపు మధ్యకు ఎన్ని అంగుళాలు అని. నేనూ కొలుచుకొని పోలేదు. ఇది చదివేవాళ్లలో ఎవరైనా కమోడ్ కొనబోతుంటే ముందు ఆ కొలత చూసుకోండి. తర్వాత, పైపు కిందకు దిగుతుందా, గోడలోకి పోతుందా చూడండి. కిందకైతే ఎస్ ట్రాప్, గోడలోకైతే పి ట్రాప్. ఎస్ ట్రాప్‌లో కూడా తొమ్మిది అంగుళాలవీ ఉంటాయి, పన్నెండు అంగుళాలవీ ఉంటాయి. నేను కొన్నది పన్నెండుది.

8వ తారీఖు పొద్దున ఎనిమిదింటికి ప్లంబర్, ఆయన వెంట ఒక పిల్లగాడు వచ్చారు. పాత సీటు పగలగొట్టడానికి గంట పట్టలేదు. ముప్పై మూడేళ్లు ఇంట్లో అందరం వాడిన సీటు, సుత్తె దెబ్బకు నాలుగు ముక్కలై పెరట్లో పడింది. అమ్మ గడప దగ్గర నిలబడి "ఇయ్యాల ఎటు పోవాలెరా మనం?" అంది. అప్పటిదాకా నాకు తట్టనే లేదు. ఒకటే దొడ్డి ఉన్న ఇంట్లో దొడ్డి పగలగొడితే ఇంటిల్లిపాదీ పక్కింటికి పోవాల్సిందే! మూడు రోజులు పక్కింటి అత్తమ్మ వాళ్ల బాత్రూమ్ వాడుకున్నాం. అర్ధరాత్రి బాపును చెయ్యి పట్టుకొని రోడ్డు మీద నడిపించుకుంటూ తీసుకుపోవడం, ఆయన "వాళ్లను లేపకురా, నేను ఓర్సుకుంట" అనడం, అవన్నీ రాస్తే ఒడిసేవి కావు.

పాత సీటు కింద పైపు తొమ్మిది అంగుళాల దగ్గర తేలింది. దాన్ని ముందుకు జరపాలంటే కింద తవ్వాలి. మా ఇంటి పునాది బండరాయి. ప్లంబర్ శానం పెట్టి పది దెబ్బలు కొట్టి, చెమట తుడుచుకొని, "ఇది కదల్దు సార్, మిషిన్ తేవాలె, తెస్తే మీ గోడకు పర్రె పడ్తది. ఏం ఫికర్ లేదు, బెండ్లు ఏసి ముందుకు గుంజుత" అన్నాడు. రెండు బెండ్లు వేసి, వాలు పెద్దగా లేకుండానే మూడంగుళాలు ముందుకు తెచ్చాడు. అది చూస్తుంటే నా మనసుకు ఎక్కడో తేడా కొట్టింది. కానీ కమోడ్ కొనేశాను, ఆపరేషన్‌కు అయిదు రోజులే ఉంది, కానియ్ అన్నాను. 10న టైల్స్ వేసి, కమోడ్ కూర్చోబెట్టి, చుట్టూ వైట్ సిమెంట్ పెట్టి, రేపటిదాకా ఎవరూ కూర్చోవద్దని చెప్పి పోయాడు. కూలి 4,500, పైపులు బెండ్లు 2,150, టైల్స్ సిమెంట్ 3,200, మట్టి ఎత్తిపోసిన ఆటోకు 600. 11న నేనే మొదట ఫ్లష్ కొట్టాను. గిన్నె నిండా నీళ్లు గిర్రున తిరిగి, చివర గుటుక్కుమని మింగింది. డాలస్ సౌండే. సంతోషమైంది.

ఆ గుటుక్కుమనే సౌండు గురించి కాస్త చెప్పాలి, తర్వాత జరిగిందంతా దాంతోనే ఉంది. వెనకటికి కిరోసిన్ డబ్బాలో సన్న పైపు పెట్టి, నోటితో ఒక గుక్క లాగి వదిలితే మిగతాదంతా దానంతటదే పైకెక్కి దిగి వచ్చేది కదా, సైఫన్ అంటే అదే. అమెరికా కమోడ్‌లో ఆ పని గిన్నె వెనక మెలికల దారిలో జరుగుతుంది. ట్యాంకులోని నీళ్లు ఒక్కసారిగా మీద పడితే ఆ దారి నిండుతుంది, నిండాక గిన్నెలో ఉన్నదంతా అదే లాక్కుపోతుంది, చివరికి గాలి దూరి గుటుక్కుమంటుంది. లాగుడు అందాలంటే దారి సన్నగా ఉండాలి, రెండు అంగుళాలకు అటూ ఇటూ. అక్కడ 1994 నుంచి కొత్త కమోడ్ ఏదైనా ఒక ఫ్లష్‌కు 1.6 గ్యాలన్లు, అంటే మన ఆరు లీటర్లు దాటకూడదని చట్టం. అంతకు ముందు పదమూడు లీటర్లు, ఇంకా పాతవైతే అంతకంటే ఎక్కువే పోసేవి. సన్న దారి, ఆరు లీటర్లు. డాలస్‌లో దిగిన మొదటి వారంలోనే నాది జామైంది. నీళ్లు తగ్గాల్సింది పోయి అంచు దాకా లేచి వస్తుంటే, రెండు చేతులూ పైకెత్తి ఆగు ఆగు అన్నాను, కమోడ్‌తో. బాత్రూమ్ మూలకు కర్రకు రబ్బరు కప్పు ఒకటి ఉంటే అది సింకుదేమో అనుకున్నాను అప్పటిదాకా. అక్కడ ప్రతి ఇంట్లో కమోడ్ పక్కన అది ఎందుకు నిలబడి ఉంటుందో ఆ రోజు అర్థమైంది.

మన దగ్గర మామూలుగా అమ్మేది లాగేది కాదు, తోసేది. వాష్‌డౌన్ అంటారు. గిన్నె అడుగున కొద్దిగా నీళ్లు, ఒక పొట్టి వంపు, పిడికిలి దూరేంత దారి. పైనుంచి నీళ్లు పడ్డ ఊపుకు ఉన్నది వంపు దాటి పోతుంది. యూరప్‌లోనూ ఎక్కువగా ఇదే. ఇంగ్లండులో అయితే గిన్నె మన లాంటిదే గానీ సైఫన్‌ను తీసుకెళ్లి పైన ట్యాంకులో పెట్టారు! 2009లో నేను అద్దెకున్న ఇంట్లో హ్యాండిల్ నొక్కితే ఏమీ అయ్యేది కాదు. మళ్లీ నొక్కు, మళ్లీ నొక్కు, బోరింగు కొట్టినట్టే. పక్క గదిలో ఉండే కరీంనగర్ తమ్ముడు నేర్పించాడు, "అన్నా, మెల్లగ కాదు, ఒక్కటే ఊపుల కిందికి దించాలె" అని. ఆ దెబ్బకు లోపల ఒక పళ్లెం నీళ్లను వంపు దాకా ఎత్తుతుంది, అక్కడి నుంచి కిరోసిన్ కథే. ట్యాంకు అడుగున వాషరుతో మూసే రంధ్రం ఉండదు కాబట్టి కారడం అనేదే లేదు. నీళ్లు వృథా కావొద్దని 2001 దాకా అక్కడ ఆ రకమే పెట్టాలని రూలు ఉండేది. జర్మనీకి ఒకసారి రెండు వారాలు ఆఫీసు పని మీద పోతే అక్కడి పాత కమోడ్‌లో గిన్నె మధ్యలో అరుగు. మనం వేసింది ఆ అరుగు మీద కూర్చొని మనల్నే చూస్తుంటుంది, ఫ్లష్ కొడితే గానీ పోదు. ఆరోగ్యం ఎట్లుందో చూసుకోవడానికి పనికొస్తుందట. నాకు ఆ రెండు వారాలు సరిగా తిండి ఎక్కలేదు.

ఇన్ని చూసినవాణ్ణి, మా ఇంట్లో నీళ్లు ఎట్లా పోస్తారో మాత్రం చూసుకోలేదు.

13న ఆపరేషన్ బాగా జరిగింది. 17 శనివారం సాయంత్రం ఇంటికి తెచ్చాం. వాకర్‌తో నడిపించుకుంటూ బాత్రూమ్ దాకా పోతే వాకర్ తలుపులో పట్టలేదు. మాది రెండడుగుల తలుపు. వాకర్‌ను మడిచి, బాపును ఇద్దరం పట్టుకొని, పక్కకు తిప్పి లోపలికి పంపాం. కమోడ్ ఎత్తు కూడా తక్కువే అన్నాడు మర్నాడు వచ్చిన ఫిజియో, పైన పెట్టుకునే సీటు రైజర్ 1,400 పెట్టి తెచ్చాం. లేచేటప్పుడు పట్టుకోవడానికి గోడకు స్టీలు రాడ్లు రెండు, 1,300. ఇవేవీ ఆసుపత్రిలో ఇచ్చిన కాగితంలో లేవు.

18 ఆదివారం పొద్దున బాపు అరగంటైనా బయటికి రాలేదు. తలుపు బయటి నుంచి పిలిస్తే, "పోతలేదురా" అన్నాడు. ఏం పోతలేదు? లోపలికి పోయి చూస్తే, ఒక చేత్తో రాడ్ పట్టుకొని, ఇంకో చేత్తో చెంబుతో నీళ్లు పోస్తున్నాడు. ఒక చెంబు, ఇంకో చెంబు. బటన్ ఉందని చెప్పాను కానీ డెబ్బై ఒక్క ఏండ్ల అలవాటు ఒక మాటతో పోతుందా! చెంబు పోసినప్పుడల్లా గిన్నెలో మట్టం గోరంత లేచి మళ్లీ దిగుతుంది, అంతే, ఉన్నది ఉన్నట్టే తేలుతుంటుంది. మెల్లగా పోస్తే మెలికల దారి నిండదు, నిండకపోతే సైఫన్ మొదలు కాదు, పైనుంచి పోసినన్ని నీళ్లు వెనక నుంచి నిమ్మళంగా జారిపోతాయి. అదే ఒక బకెట్ ఎత్తి ఒక్కసారి కుమ్మరిస్తే లాగేస్తుంది. మోకాలు కోసిన మనిషి బకెట్ ఎత్తగలడా? ఇండియన్ సీటులో ఆయనకు రెండు చెంబులు సరిపోయేవి. సులభ్ వాళ్ల సీటైతే అడుగు బాగా వాలుగా ఉండి, లీటరున్నర రెండు లీటర్ల నీళ్లకే పోతుంది. ఆ లెక్కన మనవాళ్ల చెంబే గొప్ప టెక్నాలజీ, నేను పదిహేడు వేలు పెట్టి దాన్ని పనికిరాకుండా చేశాను.

ఇంకో సంగతి. సైఫోనిక్ గిన్నెలో నీళ్లు ఎక్కువ, పైకి ఉంటాయి. వాసన తక్కువ, మరకలు తక్కువ, షాపాయన చెప్పింది అబద్ధం కాదు. కానీ బాపు సాయంత్రం నన్ను దగ్గరికి పిలిచి, అమ్మ వినకుండా, "బిడ్డా, ఆ నీళ్లు ఎగిరి మీద పడ్తున్నయి రా" అన్నాడు. ఇంత మాట అనడానికి ఆయన ఎంత ఇబ్బంది పడ్డాడో మొహంలో కనిపించింది.

19 రాత్రి తొమ్మిదింటికి జామైంది. నొప్పి మాత్రలకు మలబద్ధకం పట్టి, గట్టిగా అయితే ఆ రెండంగుళాల దారిలో, ఆ పైన వాలు లేని రెండు బెండ్లలో ఏం పోతుంది? బటన్ నొక్కాను, నీళ్లు అంచుకు వచ్చి నిలబడ్డాయి. డాలస్ గుర్తొచ్చింది. బండి తీసుకొని తిరిగితే తెరిచున్న ఒక హార్డ్‌వేర్ షాపులో రబ్బరు కప్పు దొరికింది, 150. అది సింకుకు వాడేది, అడుగు చదునుగా ఉంటుంది, కమోడ్ రంధ్రం మీద కూర్చోదు, గాలి పట్టదు. కమోడ్‌కు వాడే దానికి కప్పులోంచి ఇంకో గొట్టం మూతిలా బయటికి వస్తుంది. అది ఆన్‌లైన్‌లో 480, రావడానికి నాలుగు రోజులు. ఆ రాత్రి గ్లవుజులు, వేడినీళ్లు, ఒక పాత పైపు ముక్క పెట్టి పదకొండున్నర దాకా కొట్లాడి తీశాను. బయట బాపు కుర్చీలో కూర్చొని "నా వల్లనే" అంటూ ఉన్నాడు. నాకు ఏడుపు వచ్చినంత పనైంది, అది జామైనందుకు కాదు.

20 పొద్దున ప్లంబర్‌కు ఫోన్. "సెప్టిక్ ట్యాంక్ నిండిందేమో సార్, ముందు అది తియ్యిపిచ్చున్రి" అన్నాడు. ట్యాంకర్‌ను పిలిస్తే మధ్యాహ్నం వచ్చింది, 1,800. పదకొండేండ్లుగా తీయలేదు కాబట్టి అదేమీ దండుగ ఖర్చు కాదు కానీ, జామ్‌కు కారణం అది కాదు. ట్యాంకర్ అతను కమోడ్ వైపు ఒకసారి చూసి, "ఇసొంటివి మస్తు చూస్తున్నం అన్నా కొత్త ఇండ్లల్ల. దిగువ పైపు నిట్టనిలువు ఉంటే నడుస్తది, మీది ముందుకు గుంజిన్రు" అన్నాడు. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి తలూపాను. తీసిన సరుకు ఎక్కడ పోస్తావంటే అమ్మవారిపేట దగ్గరున్న శుద్ధి ప్లాంటుకు తీసుకుపోతానన్నాడు.

సాయంత్రం నిర్ణయం తీసుకున్నాను, ఇది తీసేసి తోసేది పెడదాం అని. ప్లంబర్‌కు మళ్లీ ఫోన్ చేస్తే వెనక ఒకటే డప్పుల మోత. "సార్, మేడారం వచ్చినం ఇంటిల్లిపాది. సోమారం వస్త." రేపటి నుంచే జాతర, 21 నుంచి 24 దాకా. ఇంకో ప్లంబర్‌ను చూద్దామని తెలిసినవాళ్లందరికీ చేశాను, సగం మంది మేడారంలో, మిగతా సగం మేడారం దారిలో. వరంగల్‌లో ఉంటూ జాతర తేదీలు చూసుకోకుండా పని పెట్టుకోవడం నా తప్పే. సమ్మక్కకు ఎదురు చెప్పేదెవరు?

ఆ వారం రోజులు కమోడ్ కుర్చీతో గడిచాయి. సర్జికల్ షాపులో 2,600, కింద ప్లాస్టిక్ గిన్నె ఉంటుంది, మంచం పక్కనే పెట్టొచ్చు. ఆ గిన్నె తీసి పోసి కడగడం నా పని. మొదటి రోజు బాపు మొహం అటు తిప్పుకొని పడుకున్నాడు. రెండో రోజు "నీకు చిన్నప్పుడు నేనే కడిగిన" అన్నాడు, నవ్వకుండా. మూడో రోజు నుంచి ఇద్దరికీ అలవాటైపోయింది, గిన్నె చేతిలో పట్టుకునే క్రికెట్ స్కోరు చెప్పేవాణ్ణి.

ఈలోపు షాపుకు పోయి వాపస్ తీసుకుంటారా అని అడిగాను. వాడింది ఎట్ల తీసుకుంటం సార్ అన్నాడు, నిజమే కదా. అదే షాపులో పోయినసారి సరిగా చూడని మామూలు వాష్‌డౌన్, తొమ్మిది అంగుళాల ఎస్ ట్రాప్, రెండు బటన్లది తీసుకున్నాను. ధర అదే, 7,400. రెండు బటన్లు ఎందుకని అమ్మ అడిగింది. చిన్నది ఒంటేలుకు, పెద్దది రెంటికి. ఈ రెండు బటన్ల పద్ధతి 1980లో ఆస్ట్రేలియాలో వచ్చింది, కరోమా అనే కంపెనీలో బ్రూస్ థాంప్సన్ తయారుచేశాడు. మొదట్లో పెద్దదానికి పదకొండు లీటర్లు, చిన్నదానికి అందులో సగం. మాదాంట్లో ఇప్పుడు ఆరు, మూడు. అమ్మ అంతా విని "గంత చిన్న అక్షరాలు నాకు కనవడయి, రెండు కలిపి ఒత్తుత" అంది.

26 సోమవారం ప్లంబర్ చెప్పినట్టే వచ్చాడు, చేతిలో బెల్లం ప్రసాదం పొట్లం. తిట్టడానికి సిద్ధంగా ఉన్నవాణ్ణి, అమ్మవారి బంగారం కళ్లకద్దుకొని నోట్లో వేసుకున్నాక ఏమని తిడతాను? రెండు రోజుల్లో బెండ్లు రెండూ పీకి, పైపును దాని పాత జాగాలోనే నిటారుగా పెట్టి, 28న కొత్త కమోడ్ కూర్చోబెట్టాడు. కూలి 2,500.

29న చిన్న నీటి ధార గిన్నెలోకి సన్నగా కారుతూనే ఉన్నట్టు అనిపించింది. మా బోరు నీళ్లకు ఉప్పు ఎక్కువ, వాషర్ల మీద తెల్లగా పేరుకుంటుంది. అమెరికాలో దీనికి ట్యాంకులో రంగు బిళ్ల వేసి చూస్తారు. నేను వంటింట్లోంచి చెంచాడు పసుపు తెచ్చి పోయబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. "పసుపు దొడ్లె పోస్తవా? బుద్ధుందా నీకు?" సరే అని బట్టల నీలం నాలుగు చుక్కలు వేశాను. పది నిమిషాల్లో గిన్నె అంచు మీద నీలం చార. వాషర్ తీసి చూస్తే దాని కింద ఇసుక రేణువు, పనిలో పడ్డదే. కడిగి పెట్టాను, చార ఆగిపోయింది. ఖర్చు ఏమీ లేదు.

మార్చి 1 పొద్దున బాపు లోపలికి పోయాడు. నేను బయట నిలబడ్డాను. చెంబు చప్పుడు వినిపించింది, బటన్ నొక్కనే లేదు. ఒక చెంబు. ఇంకో చెంబు. తర్వాత తలుపు తీసి, "పోయింది" అన్నాడు.

మొత్తం లెక్క వేస్తే నలభై ఆరు వేలకు దగ్గరగా అయింది. మొదటి కమోడ్ పెరట్లో జామచెట్టు కింద ప్లాస్టిక్ కవరు కప్పి పెట్టి ఉండేది, వచ్చినవాళ్లంతా అదేందని అడిగేవాళ్లు. పోయిన వారం ప్లంబరే వచ్చి తను మీద ఫ్లోర్ వేస్తున్నానని, తన పైపు మొదటి నుంచి పన్నెండంగుళాలకే పెట్టుకున్నానని, నాలుగు వేలకు అడిగి ఆటోలో వేసుకొని పోయాడు. నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేశాడు. "సార్, మీరు ఆన్‌లైన్ల తెప్పిచ్చిన్రు కదా ఆ రబ్బరు పంపు... అది మీకిప్పుడు పనేం లేదు కదా?"